పిప్పరమెంటుకి రెండు యూనిట్లు

"పొద్దున ఇన్సులిన్ ఎన్ని యూనిట్లు ఇచ్చారమ్మా?"

అడిగిన డాక్టరమ్మ వెళ్ళిపోయింది, ప్రశ్న మాత్రం స్టూలు పక్కన అలాగే నిలబడి ఉంది. స్టూలు మీద కూర్చున్న ఆమె నోరు తెరిచింది కూడా. అంకె బయటపడేలోపే తలుపు దగ్గర స్ట్రెచర్ చక్రాలు కీచుమన్నాయి, నిచ్చెన మీంచి పడ్డ రంగుల మేస్త్రీని నలుగురు తోసుకొచ్చారు, మోచేతి దాకా తెల్లరంగు, దాని మీద ఎరుపు. డాక్టరమ్మ కలం జేబులో పెట్టుకుంటూ, "సరిగ్గా గుర్తు చేసుకుని ఉంచండి. ఎప్పటి మోతాదే అయితే షుగరు ఇంత కిందికి ఎందుకు పడిందో చూడాలి, కిడ్నీలు దెబ్బతిన్నాయేమో పరీక్షలు చేయించాలి. ఎక్కువ వెళ్ళిందంటే అది వేరే సంగతి, ఎన్ని గంటలు కనిపెట్టుకుని ఉండాలో దాన్ని బట్టే ఉంటుంది. ఏదో ఒకటి చెప్పకండి" అని అటు పరుగెత్తింది. ఏదో ఒకటి చెప్పకండి! పాతికేళ్ళు నిండాయో లేదో ఆ పిల్లకి. ఏదో ఒకటి చెప్పే మనిషిలా కనిపించానా, అనుకుంది ఆమె. తన మాటలో కొలత తప్పిందని ఇంతవరకు ఎవరూ అనలేదు. పాలవాడు అనలేదు, ఇంటి ఓనరు అనలేదు, ఆఖరికి ఆయన కూడా అనలేదు. ఆయన అన్నది వేరే. "నీతో కాపురమంటే రోజంతా తక్కెడలో కూర్చున్నట్టుంటుంది" అన్నాడు ఒకసారి, నవ్వుతూనే. నవ్వుతూ అన్నాడు కాబట్టి కోప్పడే హక్కు కూడా లేకుండా పోయింది.

మంచం మీద ఆయన. పాదాల వైపు ఇనుప చువ్వకి వేలాడదీసిన అట్ట, దాని మీద కాగితం, కాగితంలో అన్ని గళ్ళూ నిండాయి ఒక్కటి తప్ప. పైన సీసా, సీసాలోంచి చుక్క, చుక్క, చుక్క. గ్లూకోజు. పదకొండేళ్ళు కళ్ళలో వత్తులేసుకుని ఆయన నోట్లోకి పోకుండా కాపలా కాసిన చక్కెర ఇప్పుడు నేరుగా నరంలోకి, గొట్టం వేసుకుని, ఆసుపత్రి ఖర్చు మీద దర్జాగా వెళుతోంది, ఎవరూ అడ్డం చెప్పడం లేదు. ఆమెకి నవ్వొచ్చింది. పక్క మంచం దగ్గర ఉన్నావిడ వింతగా చూస్తే నవ్వు మింగేసింది. ఒళ్ళో చేతిసంచి, సంచిలో ఆయన స్టాప్‌వాచీ టిక్కు టిక్కుమంటోంది. ఆపాలని తోచలేదు. ఆ వాచీ తిరుగుతున్నంతసేపూ జరిగింది ఇంకా జరుగుతూనే ఉన్నట్టు, ఆపితే ఇక జరిగిపోయినట్టు.

పదకొండున్నరకి ఫోను వచ్చింది. టైపు ఇన్‌స్టిట్యూట్‌లో చదివే అమ్మాయి. "ఆంటీ, మాష్టారు బల్ల మీద తలపెట్టి పడుకున్నారు, లేవట్లేదు." ఇవాళ స్పీడు పరీక్ష. పది నిమిషాల్లో ఎన్ని మాటలు కొడతారో చూసే పరీక్ష, ఆయన వాచీ నొక్కి "మొదలు" అంటే మొదలు, "ఆపండి" అంటే ఆపడం, మధ్యలో ఎవరూ తల తిప్పకూడదు. ఏడో నిమిషంలో ఆయన తల వాలిపోయిందట. ఆపండి అనలేదు కాబట్టి ఇరవైమంది పిల్లలూ కొడుతూనే ఉన్నారు. పది నిమిషాలైంది, పన్నెండైంది, టకటకా టకటకా, కాగితాలు అయిపోయిన వాళ్ళు కొత్త కాగితం ఎక్కించి మరీ కొట్టారు, పాపం ఎంత క్రమశిక్షణ, ముప్ఫై ఏళ్ళు ఆయన నేర్పింది అదే కదా. ముందు వరసలో కూర్చున్న ఈ పిల్లకే అనుమానం వచ్చి లేచింది. కింది అంతస్తు జిరాక్స్ కొట్టాయన కారులో ఎక్కించారు. ఆమె ఇంటి దగ్గర్నుంచి పరుగున వెళ్ళేసరికి మూలమీది నర్సింగ్ హోం ముందు కారు ఆగి ఉంది, డాక్టరుగారు లేరు పెద్దాసుపత్రికి పొండి అని వాచ్‌మన్ చెబుతున్నాడు, చెబుతూ కారు గేటుకి అడ్డం ఉందని విసుక్కుంటున్నాడు కూడా. ఇక్కడికొచ్చాక మగ నర్సు ఆయన నోటి దగ్గర ముక్కు పెట్టి, "తాగుతాడా?" అన్నాడు. తెల్లటి ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు కలాలు, పక్కన చదువుకునే పిల్ల, తాగుతాడా! "షుగరు పేషెంటు. ముందు షుగరు చూడండి" అంది ఆమె. "స్ట్రిప్పులు అలమారాలో ఉన్నాయమ్మా, తాళం సిస్టర్ దగ్గరుంది, సిస్టర్ భోజనానికెళ్ళింది." పన్నెండు గంటలకి, ఒక్క తాళం, ఒక్క సిస్టర్, ఒక్క భోజనం. ఆమె చేతిసంచి తెరిచింది, తన మీటరు తీసింది, ఆయన ఉంగరం వేలు చివర పొడిచింది, ఎప్పటిలాగే, వంటింట్లో పొడిచినట్టే. ముప్ఫై ఒకటి. అంత చిన్న అంకె ఆ మీటరులో ఆమె ఎప్పుడూ చూడలేదు. మగ నర్సు కూడా చూశాడు, అప్పుడు పరుగెత్తాడు.

గ్లూకోజు పెద్ద సూదిలో ఎక్కించాక పది నిమిషాలకి కళ్ళు తెరిచాడు. ఎక్కడున్నానన్నట్టు చూశాడు, ఆమెని చూశాడు, వాంతి చేసుకున్నాడు, మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు. అదే వరసలో. "మీరు తెలివైనవాళ్ళమ్మా, మీటరు వెంట తెచ్చుకున్నారు" అంది భోజనం చేసి వచ్చిన సిస్టర్, నోట్లో వక్కపొడి నములుతూ. తెలివైనవాళ్ళు. ఆ మాట అలవాటే. నెలనెలా చూపించుకునే పెద్ద డాక్టరుగారు కూడా అంటారు, "అందరు ఆడవాళ్ళూ మీలా ఉంటే మా పని సగం తగ్గిపోను" అంటారు, ఆ నోటు పుస్తకం చూసి. పుస్తకం ఇప్పుడూ సంచిలోనే ఉంది, వాచీ పక్కన. తేదీ, పరగడుపున ఎంత, తిన్నాక ఎంత, ఇన్సులిన్ ఎన్ని యూనిట్లు, వ్యాఖ్య. స్కేలు పెట్టి గీసిన గళ్ళు. ఈరోజు తేదీ పక్కన నీలం సిరాతో, ఎక్కడా వణకని అక్షరాలతో, పద్దెనిమిది అని ఉంది.

పద్దెనిమిది అని చెబితే సరి. పుస్తకం చూపిస్తే సరి. పుస్తకాన్ని కాదనే డాక్టరు ఇంకా పుట్టలేదు. పద్దెనిమిదే అయితే కిడ్నీలు చూస్తారు, చూడనీ, చూస్తే తప్పేముంది, ఏనాటికైనా చూడాల్సినవే కదా. కానీ సాయంత్రానికి బాగానే ఉన్నాడని పంపించేస్తారు. ఇంటికెళ్ళాక మళ్ళీ పడిపోతే? పొద్దున ఇచ్చిన మందు సాయంత్రం దాకా, ఆ తరవాత కూడా ఒంట్లో పనిచేస్తూనే ఉంటుంది, ఆ మాత్రం ఆమెకి తెలుసు. కెమిస్ట్రీ చదువుకున్న మనిషి. కాలేజీ ల్యాబులో బ్యూరెట్ ముందు నిలబడి చుక్క చుక్క వదిలేది, ఫ్లాస్కులో నీళ్ళు తెల్లగా, తెల్లగా, తెల్లగా, ఇంకొక్క చుక్క, గులాబీ. చుక్క ఎక్కువైతే ముదురు గులాబీ. ఇక ఆ రంగు వెనక్కి పోదు. పారబోసి మొదటి నుంచి మొదలెట్టాల్సిందే. క్లాసులో అందరికంటే లేత గులాబీ ఆమెదే. మేడం ఆ ఫ్లాస్కు కిటికీ వైపు ఎత్తి అందరికీ చూపించేది. ఆ చేతులే ఇవి.

రెండు యూనిట్ల పద్ధతి ఎప్పుడు మొదలైంది? ఆరేళ్ళు. ఆయన కళ్ళు మసకబారి, ఇన్సులిన్ పెన్ను మీద అంకెలు కనపడక, సూది వేసే పని ఆమె చేతికొచ్చిన ఏడాదికి. చొక్కా ఉతకబోతే జేబులో కాగితం, రంగుకాగితం, పిప్పరమెంటుది. అరవడం ఆమెకి చేతకాదు, ఏడవడం అంతకంటే చేతకాదు. కాగితం చదును చేసి చూసింది, చెత్తబుట్టలో వేసింది. మర్నాడు పొద్దున ఆయన బనియను ఎత్తి కిటికీ వైపు తిరిగి కూర్చుంటే పెన్ను పద్దెనిమిది దగ్గర ఆపకుండా ఇంకో రెండు తిప్పింది. అంతే. తిన్నది తిన్నట్టు, దానికి తగ్గది దానికి తగ్గట్టు. దెబ్బలాట లేదు, నిలదీయడం లేదు, ఎంత శుభ్రమైన పద్ధతి! పుస్తకంలో పద్దెనిమిదే రాసింది, ఎందుకంటే రాయాల్సింది పద్దెనిమిది. తరవాత మూడు రోజులకోసారి, వారానికోసారి, కాగితం దొరికినప్పుడల్లా రెండు. కాగితం దొరకకపోతే పద్దెనిమిది. ఆయన ఏనాడూ ఒక్క మాట అడగలేదు. అడగడేం, అనుకునేది ఒక్కోసారి. దొంగతనం చేసినవాడు ఏ మొహంతో అడుగుతాడు, అనుకునేది వెంటనే.

సంచిలో ఫోను కొట్టుకుంది. ఆడపడుచు. ఎత్తకపోతే ఇంకో పదిసార్లు చేస్తుంది.

"వదినా, అన్నయ్యకి ఎలా ఉంది? ఆ టైపు పిల్ల చెబితే తెలిసింది, నువ్వు చెప్పాలనైనా అనుకోలేదు."

"కళ్ళు తెరిచారు. గ్లూకోజు ఎక్కుతోంది."

"గ్లూకోజా! షుగరు వాడికి గ్లూకోజు పెట్టడమేమిటి, ఆ డాక్టర్లకి బుద్ధుందా?"

"తక్కువైందమ్మా, ఎక్కువ కాదు. తక్కువైతే పెడతారు."

"ఆ, తక్కువవదు మరి! నువ్వు పెట్టేది తింటే ఎలక కూడా తక్కువవుతుంది. నేనేమీ అనడం లేదు వదినా, నువ్వు చదువుకున్నదానివి. కానీ మా అన్నయ్య పెళ్ళప్పుడు ఎలా ఉండేవాడు, ఇప్పుడు ఎలా ఉన్నాడు, నువ్వే చెప్పు."

పెళ్ళప్పుడు నేనెలా ఉన్నానో కూడా చెప్పమంటావా, అనలేదు. "డాక్టరు వస్తోంది" అని పెట్టేసింది. డాక్టరు రావడం లేదు. తెర వెనక రంగుల మేస్త్రీ అరుస్తున్నాడు, ఎవరో "ఒక్క నిమిషం ఓర్చుకో నాయనా" అంటున్నారు. ఓర్చుకోవడం. అత్తగారు ఓర్చుకుంది, రెండేళ్ళు, షుగరు పుండు కాలి బొటనవేలితో మొదలై చీలమండ దాకా. కట్టు మార్చింది కూతురు కాదు, కోడలు. ఆ వాసన ఇప్పటికీ వర్షం పడి గోడలు తడిసినప్పుడు ముక్కుకి తగులుతుంది. ఆఖరి రోజుల్లో ఆవిడ చెయ్యి పట్టుకుని, "వాడి నోరు వాడు కట్టుకోలేడే తల్లీ, నా కొడుకు కదా. నువ్వే కాయాలి" అంది. కాసింది. ఆ మాట అన్ననాడు ఎవరూ ఆమెని అడగలేదు, భార్యగా వచ్చిన మనిషి కాపలాదారు అయితే ఆ ఇంట్లో భార్య పని ఎవరు చేస్తారని. ఎవరూ చెయ్యలేదు. ఆ ఉద్యోగం ఖాళీగానే ఉండిపోయింది. ఊరెళ్ళినప్పుడు, పెళ్ళిళ్ళకెళ్ళినప్పుడు, ఆయన పళ్ళెం మీద నాలుగు జతల కళ్ళు ఉండేవి కావు, ఒక్క జతే, ఆమెది. "అబ్బ, ఒక్క ముక్క తిననివ్వమ్మా" అనే ప్రతి వాళ్ళూ ఉదారులే. ఆమె ఒక్కతే పిసినారి.

పెళ్ళయిన కొత్తలో మూడు నెలలు ఆమె కూడా టైపుకి వెళ్ళింది. ఊరికే ఇంట్లో కూర్చోవడం దేనికని ఆయనే రమ్మన్నాడు. అప్పుడన్నీ ఇనుప మిషన్లు, గది అంతా వడగళ్ళు పడ్డట్టు చప్పుడు. ఆయన పక్క గదిలో కూర్చుని దరఖాస్తులు చూసుకుంటూ గోడ అవతలి నుంచే అనేవాడు, "మూడో మిషన్, ఎడమ చిటికెన వేలు బద్ధకిస్తోంది." మూడో మిషను ఆమెదే. చూడకుండా ఎలా తెలుస్తుందని రాత్రి అడిగితే, "ఒక్కో వేలికి ఒక్కో చప్పుడుంటుంది, నీ చిటికెన వేలు నీలాగే మొహమాటస్తురాలు" అన్నాడు. ఆ మాటకి ఆ రోజంతా, ఆ మర్నాడంతా, కూర తరుగుతూ బట్టలు ఆరేస్తూ తన చిటికెన వేలు చూసుకుని మురిసిపోయింది. ఎవరా పిల్ల? ఎక్కడికి పోయింది? ఇప్పుడు అదే చేత్తో ఆయన వేలు గట్టిగా పట్టుకుని రక్తం పిండుతోంది. మాటలు తగ్గి ఎన్నాళ్ళయిందో. పొద్దున "ఎంత?" అంటాడు, "నూట యాభై" అంటుంది. రాత్రి "ఎంత?" "నూట తొంభై." కొన్ని రోజులు ఇంట్లో ఆ నాలుగు మాటలే.

నిన్న సాయంత్రం. ఇవాళ కూడా అదే వేసుకుంటానంటే ఇస్త్రీకి చొక్కా దులిపితే కాగితం కాదు, ఈసారి బిళ్ళలే రాలాయి. రెండు, నిండుగా, కాగితం విప్పనివి, ఒకదాని అంచు చిరిగి చీమ ఒకటి తిరుగుతోంది. ఆమె మంచం మీద కూర్చుండిపోయింది. కాగితమంటే తినేశాడు, ఏదో క్షణంలో నోరు లాగింది, అదొక రకం. ఇది నిలవ. ఇది పథకం. కొని, జేబులో వేసుకుని, ఇంటికి తెచ్చి, ఆమె పెట్టిన రొట్టెముక్కలు తలవంచుకుని తిని, రేపటికి దాచుకున్నాడు. ఆమె కిటికీ తీసి రెండూ మురుక్కాలవలోకి విసిరింది. ఏమీ అడగలేదు. పొద్దున ఆయన బనియను ఎత్తి కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. పరీక్ష ఉందని తొందర, మోకాలు ఊపుతున్నాడు. ఆమె పెన్ను తిప్పింది. పద్దెనిమిది. ఇరవై. ఒక బిళ్ళకి రెండు, రెండు బిళ్ళలకి నాలుగు, లెక్క లెక్కే. ఇరవై రెండు. పొట్ట మీద చర్మం వేళ్ళ మధ్య పట్టుకుని గుచ్చి పది అంకెలు లెక్కపెట్టి తీసింది. ఆయన మోకాలు ఊపడం మధ్యలో ఆగింది, అది ఇప్పుడు గుర్తొస్తోంది. ఎందుకాగింది? సూది నొప్పి అనుకుంది. తినని బిళ్ళలకి, మురుక్కాలవలో ఉన్న బిళ్ళలకి, నాలుగు యూనిట్లు వేసింది. ఈ మాట లోపల వాక్యంగా తయారవడానికి ఇంతసేపు పట్టింది. తినలేదు. నేనే పారేశాను. వేశాను.

"ఆంటీ." ఆ టైపు అమ్మాయి, తలుపు దగ్గర, చేతిలో నీళ్ళ సీసా. "మాష్టారికి ఎలా ఉంది?"

"పడుకున్నారు. నువ్వు ఇంటికి వెళ్ళు తల్లీ, మీ వాళ్ళు కంగారుపడతారు."

"వెళ్తానాంటీ. ఒకటి చెబుదామని. పరీక్షకి ముందు మాష్టారు జేబులు తడుముకుంటూనే ఉన్నారు. చెమటలు పడుతున్నాయి. కళ్ళజోడు పోయిందా మాష్టారూ అంటే కాదమ్మా అని, సొరుగు దగ్గరికెళ్ళారు. పరీక్షల వాళ్ళొస్తారని నిన్ననే సొరుగులన్నీ ఖాళీ చేయించారు కదా. మళ్ళీ జేబే చూసుకున్నారు. నేను కొనుక్కొస్తానండీ ఏం కావాలో చెప్పండి అన్నాను. టైమైపోయింది కూర్చో అన్నారు." పిల్ల కళ్ళు తుడుచుకుంది. "ఏం పోయిందాంటీ?"

"ఏం లేదు. నువ్వెళ్ళు."

పిల్ల వెళ్ళింది. చుక్క, చుక్క. టిక్కు, టిక్కు. ఆమె ఆయన వైపు చూసింది. ఊపిరి మారింది. ముప్ఫై రెండేళ్ళు పక్కన పడుకున్న మనిషికి నిజం నిద్రేదో దొంగ నిద్రేదో చెప్పక్కర్లేదు. నిజం నిద్రలో నోరు కొంచెం తెరుచుకుంటుంది. ఇప్పుడు పెదాలు బిగించి ఉన్నాయి.

"నటించింది చాలు. లేవండి."

"నటించట్లేదు. వింటున్నాను." గొంతు బొంగురుగా, కళ్ళు మూసుకునే. "నా వాచీ నీ దగ్గరుందా? ఆపలేదేం?"

"ఎంతసేపు తెలివి లేదో డాక్టరమ్మ అడిగింది. దాన్ని చూసే చెప్పాం."

"పిల్లలు?"

"మీరు ఆపండి అనలేదట. కొడుతూనే ఉన్నారు."

ఆయన పెదాలు కదిలాయి, నవ్వనుకోవచ్చు. "జేబులో రెండు బిళ్ళలుండాలి" అన్నాడు.

"పారేశాను. నిన్ననే."

"చెప్పాల్సింది."

"ఏమని? మీ దొంగసొత్తు దొరికిందనా?"

"పారేశానని. దారిలో ఇంకో రెండు కొనుక్కునేవాణ్ణి." కళ్ళు తెరిచాడు. ఆమె వైపు కాదు, సీసా వైపు. "ఇరవై రెండు తిప్పావు కదా."

ఆమెకి గదిలో చప్పుళ్ళన్నీ ఒక్కసారి దూరంగా జరిగినట్టయింది. పెన్ను తిప్పితే ఒక్కో యూనిట్‌కి ఒక్కో క్లిక్కు. గోడ అవతల మొహమాటపడే చిటికెన వేలిని విన్న చెవులకి, మూరెడు దూరంలో, నిశ్శబ్దంగా ఉన్న ఇంట్లో, క్లిక్కులు.

"ఎప్పటి నుంచి తెలుసు?"

"మొదటి రోజు నుంచీ. ఇరవై వినపడింది. ఏదో పొరపాటనుకున్నా. పదకొండు గంటలకి చేతులు వణికాయి, ఓ పిల్ల దగ్గర పిప్పరమెంటు ఉంటే అడిగి తిన్నా, తగ్గింది. ఇరవై వినపడ్డ రోజు ఒక బిళ్ళ. పద్దెనిమిదైతే లేదు. సొరుగులో ఉంచుకుంటా ఎప్పుడూ."

"అంటే నేను ఎక్కువ ఇచ్చానని మీరు తిన్నారు."

"మరి?"

"నేను కాగితం దొరికిందని ఎక్కువ ఇచ్చాను."

ఎవరు ముందు? మొట్టమొదటి కాగితం, అదొక్కటే నిజం, ఎవరో పిల్ల పరీక్ష పాసై ఇచ్చింది తిన్నాడట. ఆ ఒక్క బిళ్ళ మీద ఆరేళ్ళు. ఆమె దానికి రెండు, ఆయన దానికొకటి, ఆమె మళ్ళీ రెండు. అటు పూడుస్తూ ఇటు తవ్వుతూ, ఎవరి పని వాళ్ళు ఎంతో శ్రద్ధగా.

"కాగితాలు జేబులో ఎందుకు పెట్టుకున్నారు? బయట పారేస్తే తెలిసేదే కాదు."

"రోడ్డు మీద కాగితాలు పడేసేవాళ్ళు మనుషులే కాదని నువ్వేగా అంటావు."

"నన్నడగొచ్చు కదా, ఇరవై ఎందుకని."

"నువ్వడగొచ్చు కదా, కాగితం ఎక్కడిదని."

తెర రింగులు చరచరమన్నాయి. డాక్టరమ్మ కోటు మీద తెల్లరంగు మరకతో వచ్చింది, చేతులు తుడుచుకుంటూ అట్ట అందుకుంది. "లేచారే! ఎలా ఉందండీ? ఏమ్మా, గుర్తొచ్చిందా, ఎన్ని?"

ఆమె నోరు తెరిచేలోపు ఆయన మోచేతి మీద లేవబోతూ, "పద్దెనిమిదేనండీ" అన్నాడు, క్లాసు గొంతుతో. "ఎప్పుడూ పద్దెనిమిదే. మా ఆవిడ పుస్తకం రాస్తుంది, చూడండి కావాలంటే, తప్పుండదు. నేనే టిఫిను సరిగ్గా తినలేదు. నాదే తప్పు."

నాదే తప్పు. ఎంత హాయిగా అన్నాడు! ఆ మాట ఇక ఇంటికొస్తుంది, గోడకి మేకు కొట్టి తగిలించినట్టుంటుంది. ఎప్పుడూ దాన్ని ఎత్తి చూపడు, అదే దాని బలం. చనిపోయేదాకా ఆమె దాని కింద నుంచి వంగి నడవాలి. డాక్టరమ్మ కలం గడి మీద పెట్టింది. "అయితే కిడ్నీ పరీక్షలు రాస్తున్నా. సాయంత్రానికి నిలకడగా ఉంటే ఇంటికి..."

"ఇరవై రెండు" అంది ఆమె.

కలం ఆగింది. "ఆయన పద్దెనిమిదంటున్నారు."

"ఆయనకి పెన్ను మీద అంకెలు కనపడవు. తిప్పింది నేను. ఇరవై రెండు."

"పొరపాటున తిరిగిందా?"

"లేదు. తెలిసే తిప్పాను." గొంతు వణకలేదు, కొలిచి పోసినట్టే వచ్చింది, అలా వచ్చినందుకే తన మీద తనకి అసహ్యం వేసింది. "ఇదివరకు ఇరవై ఇచ్చాను, చాలాసార్లు. పుస్తకంలో అన్నిచోట్లా పద్దెనిమిదే ఉంటుంది. దాన్ని నమ్మకండి."

పక్క మంచం ఆవిడ తినడం ఆపింది. డాక్టరమ్మ ఆమె మొహంలోకి చూసింది, గడిలో అంకె వేసింది. "రేపు పొద్దుటి దాకా ఇక్కడే ఉంచాలి. గంటగంటకీ షుగరు చూస్తాం. ఆ పుస్తకం ఉన్నదున్నట్టు సరిచేసి ఇవ్వండి, పెద్ద డాక్టరుగారికి చూపించాలి, ఇన్నాళ్ళూ దాన్ని చూసే కదా మోతాదు రాసింది." రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. "ఇంజక్షన్ సిస్టర్ ఇస్తుంది. మీరు ముట్టుకోవద్దు."

ఆమె తలాడించింది. ఆ చిన్నపిల్ల మందలింపు మొహాన కొట్టినట్టు తగిలింది, కానీ అందులో ఒక్క యూనిట్ కూడా ఎక్కువ లేదు.

ఆయన మళ్ళీ వెల్లకిలా పడుకున్నాడు. "చెప్పేశాను కదా నేను. అయిపోయేది. ఒక్కసారైనా నన్ను మంచివాణ్ణి కానివ్వవు కదా."

ఆమె సంచిలోంచి వాచీ తీసి నొక్కింది. ఆగింది. దిండు పక్కన పెట్టింది. నోటు పుస్తకం ఒళ్ళో తెరిచి, ఈరోజు పద్దెనిమిదిని కొట్టేసి, పక్కన ఇరవై రెండు వేసింది. పేజీలో మొదటి కొట్టివేత.

"నిన్న?"

ఆయన కళ్ళు మూసుకున్నాడు. చెప్పడేమో అనుకుంది. "పద్దెనిమిది."

"మొన్న?"

"ఇరవై. ఒక బిళ్ళ."

అది ఆమెకి గుర్తుంది. అంతకుముందువి లేవు. ఆయనకి అన్నీ ఉన్నాయి. ఆదివారం పద్దెనిమిది. శనివారం పద్దెనిమిది. శుక్రవారం ఇరవై, ఒక బిళ్ళ. పిల్లలకి డిక్టేషన్ చెప్పినట్టు, మాటకీ మాటకీ మధ్య రాసుకునే వ్యవధి ఇచ్చి, తొందరపెట్టకుండా. ఆమె వింటోంది, రాస్తోంది. ఇంతసేపు ఇద్దరూ మాట్లాడుకుని ఎన్నేళ్ళయిందో. పేజీ తిప్పింది. పోయిన నెల.

"ఇరవై నాలుగో తారీకు?"

"ఇరవై. బిళ్ళ తినలేదు."

"సొరుగులో లేదా?"

"ఉంది. తినలేదు."

"ఎందుకని?"

"నువ్వు గమనిస్తావేమో చూద్దామని."

ఆమె వేలు గడి వెంట కుడివైపుకి జరిగింది. వ్యాఖ్య గడిలో, ఆ తేదీ ఎదురుగా, తన గుండ్రటి దస్తూరీలో ఒక్క మాట ఉంది. మధ్యాహ్నమే ఇంటికొచ్చి, చెమటలతో, మాట్లాడకుండా, చెప్పులు కూడా విప్పకుండా మంచమ్మీద వాలిపోయిన మనిషిని చూసి ఆ రోజు ఆమె రాసుకున్న మాట. బద్ధకం.

"ఏం రాశావు?" అన్నాడాయన.

ఆమె చదవలేదు.

"సరే" అన్నాడు. "ఇరవై మూడో తారీకు. పద్దెనిమిది."